ఇంట్లో చెప్పని అప్పు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎవరికీ చెప్పుకోలేని ఇబ్బందుల గురించి రాయమని కిందటి నెల అడిగితే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అప్పుల గురించే. పేర్లు తీసేసి, కొన్నింటిని కుదించి, జవాబులతో ఇస్తున్నాం. లెక్కలు రూపాయల్లో విప్పి చూపించాం. ఈ ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది తమ బాకీ మొత్తం ఎంతో ఒక్కసారి కూడా కూడి చూసుకున్నట్టు లేదు.

మూడు క్రెడిట్ కార్డుల మీద కలిపి 4,60,000 బాకీ ఉంది. నా జీతం 68,000. మూడేళ్లలో ఒక్క నెల కూడా మినిమమ్ డ్యూ తప్పలేదు. అయినా బాకీ తగ్గట్లేదు. మా ఆవిడకి ఒక్క కార్డు సంగతే తెలుసు, అది పెట్రోలుకే వాడతాననుకుంటోంది. స్టేట్‌మెంట్లు ఆఫీసు మెయిల్‌కి వచ్చేలా పెట్టుకున్నాను. బయటపడే దారుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సిన మొత్తం, కడితే లేటు ఫీజు పడదు, సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్రలో, మచ్చ పడదు. అంతవరకే. అప్పు తీరడానికీ దానికీ దాదాపు సంబంధం లేదు. లక్ష బాకీ మీద నెలకి 3.5 శాతం వడ్డీ అనుకుందాం. చాలా కార్డులు 3కీ 3.75కీ మధ్యలోనే ఉంటాయి. వడ్డీ 3,500. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630. కలిపి 4,130. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే 5,000. అందులో అసలుకి జమయ్యేది 870 రూపాయలు.

మీ 4,60,000కి ఇదే లెక్క వేస్తే నెలకి దాదాపు 19,000 వడ్డీకీ పన్నుకీ పోతోంది. మీరు కడుతున్నది 23,000. ఇకమీదట ఒక్క రూపాయి కొత్తగా వాడకుండా, ప్రతి నెలా 5 శాతం చొప్పున కడుతూ పోయినా రెండేళ్లకి ఇంకా 3,73,000 మిగిలే ఉంటుంది. పైగా బాకీ తగ్గట్లేదంటే మీరు వాడటం ఆపలేదన్నమాట. పాత బాకీ పూర్తిగా కట్టని కార్డుకి వడ్డీ లేని గడువు ఉండదు; గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అంటే పాలు, కూరగాయలు కూడా ఏడాదికి 42 శాతం వడ్డీకి కొంటున్నారు. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే మొదటి రోజు నుంచి వడ్డీయే కాక విడిగా ఫీజు కూడా.

ఇవాళే మూడు కార్డులూ వాడటం ఆపండి. ఫోన్‌లో సేవ్ చేసిన చోటల్లా తీసెయ్యండి. తర్వాత క్రెడిట్ రిపోర్టు తియ్యండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీరు మర్చిపోయిన ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ ఖాతాలు కూడా అందులో బయటపడతాయి. చేబదుళ్లు, చీటీలు, తాకట్టు కొట్టు అప్పులు అందులో రావు, అవి మీరే రాసుకోవాలి. ఒక తెల్లకాగితం మీద ఐదు గళ్లు గియ్యండి: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత శాతం, నెలకి ఎంత కడుతున్నారు, ఈ సంగతి ఎవరికి తెలుసు. చాలామంది వదిలేసే గడి ఐదోదే. ఎవరి నోట విని ఇంట్లో తెలుస్తుందోనన్న భయం ఎక్కడెక్కడ ఉందో అది చూపిస్తుంది.

ఇక తీర్చడం. మీ స్కోరు ఇంకా బాగుంటే 16 శాతం దగ్గర పర్సనల్ లోన్ దొరకొచ్చు. 4,60,000కి మూడేళ్లయితే ఈఎంఐ దాదాపు 16,170. ఇప్పుడు కార్డులకి కడుతున్న 23,000నే కట్టగలిగితే రెండేళ్లలో పూర్తిగా తీరుతుంది. అదే డబ్బు, అదే రెండేళ్లు. కార్డుల మీదైతే నెలకి 23,000 తగ్గించకుండా కట్టినా దాదాపు 3,00,000 మిగిలేది, ఇక్కడ సున్నా. లోన్ తీసుకునే ముందు ముందుగా తీర్చేస్తే ఫీజెంతో అడగండి. లోన్ రాకపోతే అదే కార్డు బ్యాంకుని బాకీని ఈఎంఐగా మార్చమనండి. వడ్డీ కార్డు రేటు కంటే బాగా తక్కువే ఉంటుంది కానీ, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కలిపి చూసుకోవాలి.

ఈ పద్ధతి చెడేది ఒకే చోట. లోన్ డబ్బుతో కార్డులు కట్టగానే లిమిట్ మళ్లీ ఖాళీ అవుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా ఉంటుంది. అందుకని బాకీ కట్టిన వారంలోనే రెండు కార్డులు మూసెయ్యండి. బాకీ లేని కార్డు మూయమని అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, ఆలస్యం చేస్తే రోజుకి 500 చొప్పున మీకు ఇవ్వాలి. మూడోదాని లిమిట్ 20,000కి తగ్గించమనండి.

మీ ఆవిడకి ఎప్పుడు చెప్పాలంటే, కాగితం పూర్తయ్యాక, లోన్‌కి అప్లై చేసేముందు. 68,000లో 23,000 రెండేళ్లపాటు పక్కన పెట్టడం ఇంట్లో ఇంకొకరికి తెలియకుండా జరిగే పని కాదు. మొత్తం అంకె మొదటి మాటలోనే చెప్పండి. ‘కొంచెం అప్పుంది’ అని మొదలుపెట్టి, ఆవిడ అడిగే కొద్దీ పెంచుతూ పోతే చివరికి చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు. స్టేట్‌మెంట్లు సొంత మెయిల్‌కి మార్చుకోండి. ఉద్యోగం మారిన రోజున ఆఫీసు మెయిల్ మూతపడుతుంది, గడువు తేదీలు తెలియకుండానే దాటిపోతాయి.

లోన్ యాప్‌లో 5,000కి అప్లై చేస్తే 3,200 పడింది. ఏడు రోజుల్లో 5,000 కట్టమన్నారు. కట్టలేక ఇంకో యాప్, దానికోసం మరోటి. ఇప్పుడు నా ఫొటోలు మార్ఫింగ్ చేసి అమ్మకీ క్లాస్‌మేట్స్‌కీ పంపుతామని వాట్సాప్‌లో బెదిరిస్తున్నారు. రెండు రోజులుగా నిద్ర లేదు. చచ్చిపోవాలనిపిస్తోంది.
— ఒక విద్యార్థిని, వరంగల్

అమ్మా, ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇవాళ రాత్రి ఒక్కదానివే గదిలో ఉండకు. అమ్మకో, అక్కకో, హాస్టల్లో నమ్మకమున్న స్నేహితురాలికో ఈ పేజీ చూపించినా చాలు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే, ఇంట్లో తెలుస్తుందని నీకున్న భయం. నువ్వే ముందు చెప్పేస్తే బెదిరింపుకి సగం పని ఉండదు.

నువ్వు చేసింది నేరం కాదు. వాళ్లు చేస్తున్నది నేరం. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308 కింద శిక్షార్హం, అశ్లీల ఫొటోలు పంపడం ఐటీ చట్టం కిందికి వస్తుంది. వడ్డీ చూడు: చేతికొచ్చిన 3,200 మీద ఏడు రోజులకి 1,800, అంటే వారానికే 56 శాతం. హైదరాబాద్‌లో 2020 చివర్లో ఇలాంటి యాప్‌ల మీద వరసగా కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ తర్వాత 2022లో ఆర్‌బీఐ నిబంధనలు తెచ్చింది: అప్పు డబ్బు బ్యాంకు లేదా రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఖాతా నుంచి నేరుగా నీ ఖాతాకే రావాలి, ఏడాది మొత్తానికి ఖర్చు ఎంత శాతమో ముందే కాగితం మీద చూపించాలి, యాప్ నీ కాంటాక్టులూ గ్యాలరీ ముట్టుకోకూడదు. కాంటాక్టులు అడిగిందంటేనే ఆ యాప్ సంగతి అర్థమైపోవాలి.

చేసే పనుల వరస ముఖ్యం, ఎందుకంటే భయంలో చాలామంది ముందు యాప్ తీసేసి ఆధారాలు పోగొట్టుకుంటారు. మొదట స్క్రీన్‌షాట్లు: యాప్ పేరు, అప్పు వివరాలు, వాళ్ల ఫోన్ నంబర్లు, బెదిరింపు మెసేజ్‌లు తేదీ, టైమ్ కనపడేలా, డబ్బు వచ్చిన, పంపిన ప్రతి లావాదేవీ యూటీఆర్ నంబరు, యూపీఐ ఐడీ. ఇవన్నీ అక్క ఫోన్‌కో మెయిల్‌కో పంపించు. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ యాప్‌లకిచ్చిన కాంటాక్టులు, ఫొటోలు, కెమెరా అనుమతులు తీసెయ్యి, అప్పుడు యాప్ తీసెయ్యి. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట వాళ్ల పేరుతో ఏమైనా మ్యాండేట్, అంటే నీ ఖాతా నుంచి డబ్బు లాక్కునే అనుమతి, ఉంటే రద్దు చెయ్యి. ఆ తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. పోర్టల్‌లో మహిళలపై నేరాలకి విడి విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. కానీ కేసు ముందుకి నడవాలంటే పేరుతో ఇవ్వడం మంచిది.

వాట్సాప్ స్టేటస్‌లో రెండు లైన్లు పెట్టు: ‘నా ఫోన్ డేటా ఒక మోసపు యాప్ చేతిలో పడింది. నా పేరుతో ఫొటోలు, మెసేజ్‌లు వస్తే తెరవకండి, నంబరు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి.’ ఇంతకంటే వివరణ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

ఫొటోలు తీసేస్తామని అడిగే డబ్బు మాత్రం పంపకు. పంపినవాళ్లకే మళ్లీ ఫోన్ వస్తుంది. యాప్ వెనక నిజంగా రిజిస్టరైన కంపెనీ ఉందేమో ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోని జాబితాలో అన్న చేతో అక్క చేతో చూపించు. ఉంటే చేతికొచ్చిన అసలు, న్యాయమైన వడ్డీ ఆ కంపెనీ లోన్ ఖాతాకే కట్టి రసీదు తీసుకోవచ్చు. లేకపోతే ఇక ఎవరితోనూ బేరం వద్దు. నాలుగో యాప్ అసలే వద్దు.

తమ్ముడి వ్యాపారం కోసం 5 కాసుల గొలుసు, 6 కాసుల గాజులు ప్రైవేటు కంపెనీలో తాకట్టు పెట్టి 3,00,000 తెచ్చిచ్చాను. నూటికి నెలకి రూపాయిన్నర వడ్డీ. మొదటి ఏడాది వడ్డీ కట్టలేక అసలులో కలిపి మార్పించాను. వచ్చే నెలతో రెండో ఏడాది. ఆయనకి తెలియదు. పెళ్లిళ్లకి రోల్డ్ గోల్డ్ వేసుకుని వెళ్తున్నాను. బంగారం ధర పెరిగింది కదా, ఇంకో లక్షన్నర ఇస్తామని కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తున్నారు.
— ఒక గృహిణి, తెనాలి

ఆ లక్షన్నర తీసుకోవద్దమ్మా. ధర పెరిగినందువల్ల మీ బాకీ తగ్గలేదు, తాకట్టు పెట్టగల విలువ పెరిగిందంతే.

మొదటి ఏడాది వడ్డీ 54,000. దాన్ని అసలులో కలిపారు కాబట్టి 3,54,000. దాని మీద రెండో ఏడాది వడ్డీ 63,720. వచ్చే నెల మీరు కట్టాల్సింది 4,17,720. మళ్లీ కలిపి రాయిస్తే మూడో ఏడాది వడ్డీయే 75,000 దాటుతుంది. అయినా ఇకమీదట అలా కలిపి రాయడం కుదరదు: ఏడాది చివర ఒకేసారి కట్టే గోల్డ్ లోన్‌ని అప్పటిదాకా అయిన వడ్డీ కట్టాకే రెన్యువల్ చెయ్యాలని 2025 జూన్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల్లో ఉంది. 2026 ఏప్రిల్ 1కల్లా అందరూ పాటించాలి.

చెయ్యాల్సింది లోన్‌ని బ్యాంకుకి మార్చుకోవడం. ప్రభుత్వ రంగ బ్యాంకులు మీ కంపెనీ కంటే చాలా తక్కువ వడ్డీకి ఇస్తాయి. 18 శాతం ఎక్కడ, 9, 10 శాతం ఎక్కడ. పాత లోన్ తీర్చి నగలు తీసుకోవడానికి మధ్యలో డబ్బు ఎవరు పెడతారన్నది అసలు ప్రశ్న. కొన్ని బ్యాంకులు తమ మనిషినీ అప్రైజర్‌నీ (నగల విలువ కట్టేవాణ్ని) పాత కంపెనీకి పంపి, అక్కడే బాకీ కట్టి నగలు తెచ్చుకుంటాయి. మీ బ్రాంచిలో టేకోవర్ చేస్తారా అని అడగండి. గాజుల్లో లక్క ఉంటే, గొలుసులో రాళ్లుంటే ఆ బరువు తీసేసి లెక్కేస్తారు, 88 గ్రాములకీ పూర్తి విలువ రాదు. దాని గురించి అక్కడ గొడవపడక్కర్లేదు, రసీదులో మొత్తం బరువు, నికర బరువు రెండూ రాయించుకోండి.

బ్యాంకులో పెట్టేటప్పుడు అన్నీ ఒకే లోన్ కింద పెట్టొద్దు. గొలుసుకి ఒకటి, గాజులకి ఒకటి విడివిడిగా తీసుకోండి. చేతికి కొంత డబ్బు రాగానే ముందు గొలుసు విడిపించుకోవచ్చు. ఒకే రసీదు అయితే మొత్తం కడితే తప్ప ఏదీ చేతికి రాకపోవచ్చు. పూర్తిగా కట్టిన ఏడు పనిదినాల్లో నగలు ఇవ్వాలి, తప్పు వాళ్లదైతే ఆలస్యానికి రోజుకి 5,000 పరిహారం ఇవ్వాలని అవే నిబంధనల్లో ఉంది.

ఇక ఆయనకి చెప్పడం. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీ స్త్రీధనం, దాన్ని తాకట్టు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చట్టం వరకు మీ తప్పేం లేదు. కానీ గడువు దాటితే వేలం నోటీసు రిజిస్టరు పోస్టులో ఇంటికే వస్తుంది, సంతకం పెట్టి తీసుకునేది ఆయనే కావచ్చు. ఆ కాగితం కంటే ముందు మీరే చెప్పండి, మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని. నెలకి ఎంత కడతాడో అతని నోటితోనే ఆయన ముందు చెప్పించండి. అక్క నగలు కాబట్టి వడ్డీ లేదని తమ్ముళ్లు అనుకోవడం మామూలే. ఈ 63,720 అంకె అతనికి ఎప్పుడూ ఎవరూ చూపించి ఉండరు.

బెట్టింగ్ యాప్‌ల్లో 11 లక్షలు పోగొట్టాను. బయటపడ్డాక ఇంట్లో 4 లక్షలనే చెప్పాను. నాన్న పొలం మీద అప్పు తెచ్చి ఆ నాలుగూ నా చేతికిచ్చారు. మిగతా 7 లక్షలు స్నేహితులకీ యాప్‌లకీ ఇవ్వాలి. చెబితే నాన్న తట్టుకోలేరు. ఆడటం మానేశాను, ఎలాగోలా నేనే సంపాదించి తీర్చేస్తాను.
— ఒక పాఠకుడు, విజయనగరం

ఇందులో అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరి వాక్యం. దాచిన ఏడు లక్షలు నాన్నని కాపాడటానికే దాచారని మీకనిపిస్తుంది. బెట్టింగ్ అలవాటున్నవాళ్లు సగం చెప్పి సగం దాచడానికి ఇంకో కారణం ఉంటుంది: దాచిన భాగాన్ని ‘ఒక్క మంచి మ్యాచ్‌తో’ తిరిగి రాబట్టొచ్చన్న ఆశకి అది చోటుంచుతుంది. పోయినదాన్ని వెంటాడటమే ఈ జబ్బు అసలు లక్షణం. జబ్బు అని ఊరికే అనట్లేదు, మానసిక వైద్యంలో దీనికి నిర్ధారణ ఉంది, చికిత్స ఉంది. విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మీకు దగ్గర. హైదరాబాద్ వైపువాళ్లకి ఎర్రగడ్డ ఉంది. మొదటి అడుగుగా 14416 సరే.

చట్టం సంగతి ఒక్క మాట. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టమే వచ్చింది. ఇప్పుడు టెలిగ్రామ్ లింకులతో వచ్చేవి ఎవరెవరివో వ్యక్తుల ఖాతాలకి యూపీఐ చేయించుకుంటాయి. ఆ ఖాతాల మీద సైబర్ కేసు పడితే వాటితో లావాదేవీలున్న మీ ఖాతా కూడా స్తంభించొచ్చు. ఆటలో పోయింది కదా అని, ఆట కోసం స్నేహితుల దగ్గర తెచ్చిన అప్పు మాత్రం దానంతట అదే రద్దైపోదు.

మిగతా ఏడూ ఈ వారంలోనే చెప్పండి. అంకె ఒక్కటే కాదు, జాబితా ఇవ్వండి: ఎవరికి, ఎంత, ఫోన్ నంబరు. ఇకనుంచి డబ్బు మీ చేతికి రాకూడదు, నాన్న నేరుగా అప్పిచ్చినవాళ్లకే పంపాలి. ఆ నాలుగు లక్షలు మీ చేతికివ్వడంలోనే ఆయన పొరపాటు పడ్డారు. వాటిలో ఎంత నిజంగా అప్పులకి పోయిందో కూడా ఆ జాబితాలో రాయండి.

మానడానికి మనోబలం మీద ఆధారపడొద్దు. జీతం పడిన రోజునే ఇంటి ఖర్చు మినహా అంతా అమ్మ ఖాతాకి పోయేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. డెబిట్ కార్డుకి ఆన్‌లైన్ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఆపెయ్యొచ్చు. యూపీఐ రోజు పరిమితి తగ్గించుకోండి. రెండో సిమ్, దానికి ముడిపడిన యూపీఐ ఐడీ ఉంటే మూసెయ్యండి, చాలామందికి అక్కడే మళ్లీ మొదలవుతుంది. టిప్స్ గ్రూపుల నుంచి బయటికి రండి. గెలిచిన రోజుల స్క్రీన్‌షాట్లు ఫోన్‌లో ఉంటే అవీ తీసెయ్యండి. జీతం రోజు, ఐపీఎల్ నెలలు, ఇంట్లో గొడవైన రాత్రి, ఈ మూడూ జారే సమయాలు. మళ్లీ ఒకసారి ఆడితే అదే రోజు చెప్పడానికి ఒక మనిషిని ముందే ఎంచుకోండి. నాన్న కాకపోయినా ఫర్వాలేదు, బావైనా సరే.

తోటి టీచరు చీటీకి షూరిటీ సంతకం పెట్టాను. 10 లక్షల చీటీ. ఎనిమిదో నెలలో పాడుకున్నాడు, ఏడాది కట్టి ఆపేశాడు. ఇప్పుడు నాకు నోటీసు వచ్చింది. ఇంట్లో తెలియదు. నేను రూపాయి కూడా తీసుకోలేదు, నన్నెందుకు అడుగుతారు?
— ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

అడగొచ్చు. కాంట్రాక్టు చట్టం 128 ప్రకారం అప్పు తీసుకున్నవాడికెంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు అతన్ని పట్టుకుని, దొరక్కపోతేనే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు. ప్రభుత్వ ఉద్యోగి జీతం పట్టుకోవడం తేలిక కాబట్టే కంపెనీలు మీలాంటివాళ్ల సంతకం అడుగుతాయి.

నోటీసు పక్కన పడెయ్యడం అన్నిటికంటే ఖరీదైన పని. చీటీల వివాదాలు డిప్యూటీ రిజిస్ట్రార్ ఆఫ్ చిట్స్ ముందుకి వెళ్తాయి. మీరు వెళ్లకపోతే మీ మాట లేకుండానే అవార్డు (తీర్పు) వస్తుంది, దాన్ని కోర్టు డిక్రీలాగే అమలు చేస్తారు. అప్పుడు జీతంలో మొదటి 1,000, మిగతాదాంట్లో మూడింట రెండొంతులు ముట్టరు, మిగిలినది పట్టుకుంటారు. లెక్కలోకి వచ్చే జీతం 60,000 అయితే నెలకి దాదాపు 19,660. ఒకే డిక్రీ కింద ఇలా 24 నెలలకు మించి పట్టుకోకూడదు.

విచారణ రోజు కంటే ముందే ఒక వీలుంది. కట్టాల్సిన పాత వాయిదాలు, ఒప్పందంలో రాసిన వడ్డీ, కేసు ఖర్చులు ఆ రోజుకల్లా కట్టేస్తే, మిగతా వాయిదాలన్నీ ఒకేసారి కట్టమనే బదులు నెలనెలా కట్టుకోమని రిజిస్ట్రార్ ఆదేశిస్తారు. చిట్ ఫండ్స్ చట్టంలోనే ఉందిది. అందుకని ఆ టీచరుని, ఇంకెవరైనా షూరిటీలుంటే వాళ్లని కూర్చోబెట్టి పాత బాకీ పంచుకోండి. సహ షూరిటీలు సమానంగా భరించాలన్నది చట్టమే. మీరు కట్టిన ప్రతి రూపాయీ అతని దగ్గర రాబట్టుకునే హక్కు మీకుంది. కట్టేది మీ బ్యాంకు ఖాతా నుంచే కట్టండి, రసీదులో ‘షూరిటీ హోదాలో’ అని రాయించండి. జీతంలో కోత పే స్లిప్‌లో కనపడుతుంది, ఇంట్లో దాచలేరు. నోటీసు దశలోనే చెబితే అది స్నేహితుడి బాకీ, కోత మొదలయ్యాక చెబితే మీ బాకీ.

కిరాణా కొట్టు కోసం 5 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఖాళీ ప్రామిసరీ నోట్లు రెండు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు మూడు ఇచ్చాను. 30 నెలలుగా నెలకి 15,000 చేతికే ఇస్తున్నాను. కాగితం ముక్క లేదు. ఇంట్లో తెలియదు.
— ఒక పాఠకుడు, నరసరావుపేట

ఇప్పటిదాకా 4,50,000 కట్టారు, కాగితం మీద మాత్రం ఇంకా 5 లక్షలూ 30 నెలల వడ్డీ బాకీ ఉన్నారు. సంతకం పెట్టిన ఖాళీ నోటు చేతికిస్తే దాన్ని నింపే అధికారం ఇచ్చినట్టే చట్టం చూస్తుంది. ‘ఖాళీగా ఇచ్చాను’ అన్నది ఒక్కటే కోర్టులో నిలవదు.

వచ్చే నెల నుంచి ఒక్క రూపాయి కూడా చేతికివ్వొద్దు. బ్యాంకు ద్వారా పంపండి, వివరం దగ్గర ‘అప్పు తాలూకు’ అని రాయండి. ఎలాగూ 20,000, ఆ పైన అప్పుని నగదుగా తీసుకోవడం, తిరిగి కట్టడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. వెనకటి చెల్లింపుల గురించి వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: ‘అన్నయ్యా, కిందటి నెలతో కలిపి 30 నెలల వడ్డీ ముట్టింది కదా, లెక్క సరిచూడండి.’ సరేనన్న జవాబు వస్తే అదే మీ మొదటి ఆధారం. నోటు వెనక చెల్లు (ఇంత కట్టానన్న రాత) రాయమంటే తేదీ, మొత్తం సరిగ్గా చూసి సంతకం చెయ్యండి. నోటు మీద దావాకి మూడేళ్ల గడువు. గడువులోపు మీ సంతకంతో చెల్లు పడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. చెల్లు వల్ల మీకు కట్టిన ఆధారం వస్తుంది, ఆయనకి గడువు పెరుగుతుంది. రెండూ తెలిసే చెయ్యండి.

చెక్కులు బ్యాంకులో వేసి వెనక్కొస్తే 30 రోజుల్లో మీకు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద చెక్ బౌన్స్ కేసు. పేమెంట్ ఆపమని బ్యాంకుకి చెప్పినంత మాత్రాన ఆ కేసు తప్పదు. నోటీసు కవరు తీసుకోకుండా తిప్పి పంపడం వల్ల కూడా లాభం లేదు, లాయరు చేత గడువులోపు జవాబు ఇప్పించండి. బ్యాంకులో ముద్ర లోన్‌కో కొట్టు సరుకు మీద లోన్‌కో అడిగి చూడండి. 36 శాతం వడ్డీ భరించే లాభం కిరాణాలో ఉండదు. బాకీ తీర్చే రోజున నోట్లూ చెక్కులూ ముందు చేతికి తీసుకుని, ఆ తర్వాతే ఆఖరి మొత్తం పంపండి.

1,80,000 పర్సనల్ లోన్ కట్టలేకపోయాను. రికవరీ ఏజెంటు 70,000కి సెటిల్ చేస్తానంటున్నాడు, తన ఫోన్‌పే నంబరుకి పంపమంటున్నాడు. రాత్రి పదింటికి కూడా ఫోన్లు. నమ్మొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

ఏజెంటు సొంత నంబరుకి పంపొద్దు. బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి సెటిల్‌మెంట్ లెటర్ రావాలి. అందులో లోన్ నంబరు, మొత్తం, ఆఖరి తేదీ, ఇది కడితే ఇంకేమీ రావాల్సింది లేదన్న మాట ఉండాలి. డబ్బు లోన్ ఖాతాకే పంపాలి. ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లతో బ్యాంకుకి ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి). వివరాలకి 14448.

సెటిల్ చేస్తే క్రెడిట్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాదు, ‘సెటిల్డ్’ అని పడుతుంది, అది ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంటి లోన్ అడిగితే అడ్డొస్తుంది. రెండు మూడు వాయిదాల్లో పూర్తి అసలు కట్టగలిగే వీలుంటే అపరాధ వడ్డీ మాఫీ చేసి క్లోజ్ చెయ్యమని ముందు అడగండి. ఏది కుదిరినా నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, రెండు నెలల తర్వాత రిపోర్టు తీసి చూడండి. ఇంకా బాకీ చూపిస్తుంటే ఆ సర్టిఫికెట్ పెట్టి సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరోకి డిస్ప్యూట్ వెయ్యండి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి.